మఠం గుంటలో రవ్వ, కొర్రమట్ట

వనపర్తి దగ్గర, మఠం
23 జూన్ 2024

అన్నకు, వదినకు, అమ్మకు ప్రేమలత వందనాలు.

నేను ఇక్కడ క్షేమం. తెల్లవారకముందే గంట కొడతారు. ప్రార్థన, తోట పని, చదువు, మళ్లీ ప్రార్థన. రాత్రి భోజనం అయ్యాక పొద్దున దాకా మౌనం. నాకు మౌనం బాగా అలవాటవుతోందని మదర్ ఫిలోమినా అన్నారు. ఇంట్లో నా నోరు ఎలాంటిదో నీకు తెలుసు కాబట్టి నవ్వుకుంటావు.

ఒక పని పడి రాస్తున్నాను. మఠం వెనక, ఈ భవనం కట్టేటప్పుడు మొరం తవ్విన పెద్ద గుంట ఉంది. మొన్నటి వానలకు సగం నిండింది. మదర్ గట్టు మీద నిలబడి, "ఇందులో చేపలు వేస్తే హాస్టలు పిల్లలకు కూరకు పనికొస్తాయి కదా" అన్నారు. నేను టక్కున, "మా అన్న రాజోలి దిక్కు చేపల చెరువుల్లోనే పనిచేస్తాడు" అన్నాను. అంతే, గుంట నా నెత్తిన పడింది.

ఇప్పుడు గొడవ ఏ చేప వేయాలని. మదర్‌కు కొర్రమట్ట ఇష్టం. ముల్లు తక్కువ, జబ్బుపడి లేచిన వాళ్లకు బలం అంటారు. మా ముసలి సిస్టర్లకు పళ్లు లేవు కాబట్టి వాళ్లూ అదే అంటున్నారు. నాతోపాటు శిక్షణలో ఉన్న సింధూజ నాగర్‌కర్నూల్ పిల్ల. "రవ్వ చేప తలకాయ పులుసు ముంగట కొర్రమట్ట ఏందక్కా" అని నాతో గుసగుసగా వాదిస్తుంది. మదర్ ముందు మాత్రం కొర్రమట్టే అంటుంది. తీర్పు నువ్వు చెప్పాలి. వివరంగా రాయి. ఎంత పొడుగు రాస్తే అంత మంచిది.

ఇక్కడి నుంచి పోయే ఉత్తరాలు, ఇక్కడికి వచ్చే ఉత్తరాలు మదర్ ముందు చదువుతారు. అది నియమం, నువ్వు తప్పుగా అనుకోకు. వచ్చే ఫిబ్రవరిలో సిస్టరుగా ప్రమాణం చేసి నా మాటపట్టు అయ్యేదాకా ఫోన్ లేదు. అమ్మ మోకాలు ఎలా ఉంది?

నీ చెల్లె
ప్రేమలత


మానవపాడు మండలం
9 జూలై 2024

చెల్లె ప్రేమలతకు అన్న మహేందర్ దీవెనలు.

నీ ఉత్తరం అందింది. అందిందంటే నా చేతికి కాదు. నేను పొద్దున పోతే రాత్రికి వస్తాను, అమ్మకు చదువు రాదు. అందుకని నీ ఉత్తరాలు ఏవి వచ్చినా చర్చి ఉపదేశి ప్రశాంత్ ఇంట్లో ఇవ్వమని అమ్మ పోస్టుమాన్‌కు చెప్పింది. ఆదివారం పూజ అయ్యాక ప్రశాంత్ దాన్ని మైకులో చదివాడు. నీ నోరు సంగతి వచ్చినప్పుడు చర్చి మొత్తం నవ్వింది. అమ్మ ముందు వరసలో కూర్చుని కొంగుతో కళ్లు తుడుచుకుంది. మన ఊరి నుంచి మఠానికి పోయిన మొదటి పిల్లవు కదా. ఇప్పుడు అందరూ అమ్మను సిస్టరమ్మ తల్లి అంటున్నారు. జమ్ములమ్మ అనే పేరు మరిచిపోయినట్టున్నారు. నువ్వు పోతానన్నప్పుడు నేను నీతో ఎంత కొట్లాడానో! ఒక మాట ఒప్పుకుంటా, నువ్వే గెలిచావు.

ఇక చేపల సంగతి. రవ్వ సాధువు. తవుడు, పల్లి చెక్క నానబెట్టి చిల్లుల సంచిలో పోసి నీళ్లలో వేలాడదీస్తే, గుంపుగా వచ్చి తిని పోతుంది. ఒకదాని జోలికి ఒకటి పోదు. నీళ్లు చెడితే మాత్రం తట్టుకోదు. పొద్దున్నే పైకి తేలి నోరు తెరుస్తుంది. ఒడ్డున వేస్తే కాసేపే. ముల్లు ఎక్కువే, కానీ రుచి ఆ ముళ్ల మధ్యనే ఉంటుంది. సింధూజ అన్న మాట నిజం, ఆ తలకాయకు సాటి లేదు.

కొర్రమట్ట అలా కాదు. అది గాలి పీలుస్తుంది. గుంట ఎండితే బురదలో దూరి పడి ఉంటుంది. బకెట్లో నాలుగు వేళ్ల నీళ్లు పోసి కర్నూలు దాకా తీసుకుపోయినా కళ్లు తిప్పి చూస్తూనే ఉంటుంది. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడు ఎర్రటి ముద్దలా తిరుగుతుంటే తల్లీ తండ్రీ రెండూ కాపలా కాస్తాయి. పెద్దవయ్యాక మాత్రం ఒకదాన్నొకటి తింటాయి. తవుడు ముట్టవు. కప్పపిల్లలు కావాలి, చిన్న చేపలు కావాలి. కూర మాత్రం మెత్తన, బాలింతకు కూడా పెట్టొచ్చు.

ఆట కోసం పట్టేవాళ్లకు కూడా ఇదే కావాలి. ఆదివారాలు కర్నూలు నుంచి పోరగాళ్లు ఆర్డీఎస్ కాల్వ మీదికి వస్తున్నారు. రబ్బరు కప్పను విసిరి నీళ్ల మీద గెంతిస్తారు. కొర్రమట్ట దాన్ని చూసి ఆగలేదు, నీళ్లు పగిలినట్టు చప్పుడు చేసి మింగుతుంది. రవ్వ పట్టేవాళ్లు వేరే రకం. పిండి ఉండ గుచ్చి చెట్టు కింద పొద్దంతా కూర్చుంటారు. పడితే మాత్రం రవ్వ లాగే లాగుడికి దారం తెగిపోతుంది. పోయిన వారం ఒకడు పెద్ద కొర్రమట్టను పట్టి, ఫొటో దిగి, మళ్లీ కాల్వలో వదిలేశాడు. "ఏంది సారూ గిది?" అంటే "ఆటన్నా" అన్నాడు. ఇంటికొచ్చి అమ్మకు చెప్తే, "పట్టుడేంది, ఇడుసుడేంది, వానికి పనిలేదా?" అని తిట్టింది.

నా తీర్పు ఇది. మీ గుంటకు రవ్వ వేయండి. మదర్ గారికి కొర్రమట్ట కావాలంటే, రవ్వ జానెడు పెరిగాక వేయండి. రెండూ ఒకే రోజు మాత్రం వేయొద్దు.

అమ్మ మోకాలు అలాగే ఉంది. మీ వదిన మనీషా అడిగినట్టు రాయమంది.

అన్న
మహేందర్


మఠం
4 ఆగస్టు 2024

అన్నకు వందనాలు.

నీ ఉత్తరం వచ్చేసరికి ఆలస్యమైంది. చేపపిల్లలు తెచ్చే మహిపాల్ అనే ఆయన అప్పటికే ఆటోలో ఆక్సిజన్ సంచులతో వచ్చేశాడు. మదర్ అందరి మాటా నిలబెట్టాలని రవ్వ, కొర్రమట్ట రెండూ కొన్నారు. రెండూ ఒకే రోజు గుంటలో పడ్డాయి. ఆ తర్వాత మూడు రోజులకు వచ్చిన నీ ఉత్తరం చదివి మదర్, "దేవుని దయ" అన్నారు.

పొద్దున, సాయంత్రం నేనే మేత వేస్తున్నాను. గట్టు మీద కూర్చునే ఆ కాసేపు ఎవరూ నన్ను పిలవరు. రవ్వలు సంచి చుట్టూ చేరితే నీళ్లు సన్నగా వణుకుతాయి. కొర్రమట్టలు కనిపించవు. ఉన్నట్టుండి ఒకటి పైకి వచ్చి గాలి మింగి పోతుంది. నేను దాని కోసమే చూస్తూ కూర్చుంటాను.

నా ఉత్తరం మైకులో చదివారని తెలిసి నవ్వొచ్చింది. కొంచెం భయం కూడా వేసింది. ఇక జాగ్రత్తగా రాయాలి.

సెప్టెంబరు 8న మరియమాత పుట్టినరోజు పండగ. ఆ రోజు ఇంటివాళ్లు వచ్చి చూడొచ్చు. అన్నా, నువ్వు ఒక్కడివే రా. అమ్మ మోకాలితో ఇంత దూరం కష్టం. నీతో గుంట గట్టున కూర్చుని చేపల గురించి మాట్లాడాల్సింది చాలా ఉంది. ఒక్కడివే రా.

నీ చెల్లె
ప్రేమలత


మానవపాడు మండలం
12 సెప్టెంబరు 2024

చెల్లెకు దీవెనలు.

ఇంకా ఆ సంబరంలోనే ఉన్నాం. నన్ను ఒక్కడినే రమ్మన్నావు, కానీ నీ ఉత్తరం చర్చిలో చదివాక ఎవరు ఆగుతారు? "అమ్మకు కష్టం అయితదని రాసింది సూడుండ్రి, తల్లంటే ఎంత పావురమో" అని అమ్మే అందరికంటే ముందు బయలుదేరింది. అద్దెకు మాట్లాడిన తుఫాన్ బండిలో పద్నాలుగు మందిమి ఎక్కాం. రంగమ్మవ్వ కూడా వచ్చింది. పుణెలో ఆమె కొడుకు పోయినప్పటి నుంచి గడప దాటని మనిషి. "సిస్టరమ్మను సూడాలె" అని తనే వచ్చి బండిలో కూర్చుంది.

తెల్ల బట్టల్లో నిన్ను చూసి అమ్మ చేతులు జోడించింది. నువ్వు అమ్మను పట్టుకుని అంతసేపు ఏడిస్తే అందరికీ ఏడుపొచ్చింది. వచ్చేటప్పుడు బండిలో అమ్మ, "గది సంతోషం. దేవుడు దగ్గరికి తీసినోళ్లకు గట్లనే కండ్ల నీళ్లు వస్తయి" అంది. ప్రశాంత్ ఫోన్లో తీసిన నీ ఫొటోను గద్వాలలో పెద్దగా చేయించి చర్చి గోడకు పెట్టారు.

నీతో మాట్లాడే వీలే దొరకలేదు. నువ్వు రెండుసార్లు గుంట వైపు చెయ్యి చూపించావు. నేను వద్దామనుకునే లోపల మదర్ గారు అందరికీ చాయ్ పోయించారు. పోతూ పోతూ గట్టు మీది నుంచి ఒకసారి చూశాను. నీళ్ల రంగు బాగుంది. రవ్వలు మాత్రం తక్కువ కనిపించాయి. కొర్రమట్ట పని మొదలుపెట్టినట్టుంది.

ఇద్దరు ఆడపిల్లలు నీలాగ మఠానికి పోతామని ఉపదేశి దగ్గర పేరు ఇచ్చారు. చూశావా, నీ వల్ల ఊరు ఎట్లా మారుతోందో.

అన్న
మహేందర్


29 సెప్టెంబరు 2024

అన్నా,

ఈ ఉత్తరం మదర్ చూడలేదు. మహిపాల్ గుంట నీళ్లు చూడటానికి వస్తే ఆయన చేతికిచ్చి బయట పోస్టు చేయమంటున్నాను. దీన్ని ఎవరికీ చదివి వినిపించకు. అమ్మకు కూడా.

నేను ఇక్కడ ఉండలేకపోతున్నాను.

ఎవరూ నన్ను ఏమీ అనలేదు. మదర్ మంచి మనిషి. తిండికి, బట్టకు లోటు లేదు. నాకే లోపల ఏమీ లేదు. అందరూ కళ్లు మూసుకుని ప్రార్థనలో మునిగితే నేను కళ్లు మూసుకుని గుంటలో నీళ్లు ఎంత తగ్గాయో లెక్క వేస్తుంటాను. మొదట్లో అలవాటవుతుందనుకున్నాను. ఏడాది దాటింది. ఈ మధ్య మౌనం గంట కొట్టగానే ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. ఊపిరి అందక మెట్ల మీదికి వచ్చి నిలబడుతున్నాను. ఇక్కడి నర్సు సిస్టర్ రక్తం తక్కువని మందులు ఇచ్చింది.

మదర్‌ను అడిగితే ఆపరు, పంపించేస్తారు. గేటుకు తాళం లేదన్నా. నన్ను ఆపేది ఆ తుఫాన్ బండి. పద్నాలుగు మంది నన్ను చూసి దండం పెట్టారు. అమ్మను పట్టుకుని, "నన్ను తీసుకుపో" అందామని నోరు తెరిచాను. రంగమ్మవ్వ వచ్చి నా చెయ్యి తన నెత్తిన పెట్టుకుంది. నా నోరు మూతపడింది. ఇప్పుడు గోడ మీద ఫొటో అంటున్నావు, నన్ను చూసి ఇంకో ఇద్దరు పిల్లలు పేరు ఇచ్చారంటున్నావు. నీతో అంత కొట్లాడి, రెండు రోజులు అన్నం మానేసి, గెలిచి వచ్చిన దాన్ని. ఏ ముఖంతో తిరిగి రాను? అమ్మ ఇక చర్చిలో ముందు వరసలో కూర్చోగలదా?

వస్తే ఏం చేస్తానో తెలియదు. బీఈడీ చదువుతానేమో. చేపల పనే చేస్తానేమో. నాకు ఇక్కడ ప్రాణం లేచి వచ్చేది ఆ గట్టు మీదే.

నాకు ఒక్కటి తెలియాలి. నేను వస్తే నీ ఇంట్లో నాకు చోటుందా? నువ్వు రమ్మంటే ఎవరు ఏమన్నా వస్తాను. నువ్వు వద్దంటే ఫిబ్రవరిలో మాటపట్టు తీసుకుని ఇక్కడే ఉండిపోతాను, మళ్లీ అడగను. సూటిగా రాయకు, మదర్ చదువుతారు. పోయిన వారం మామూలు ఉత్తరంలో వానకు కొర్రమట్టలు గట్టెక్కి పోతున్నాయి, ఏం చేయాలని అడిగాను కదా. చేపల సంగతి రాసినట్టే రాయి. నాకు అర్థమవుతుంది.

ప్రేమ


మానవపాడు మండలం
9 అక్టోబరు 2024

చెల్లెకు దీవెనలు.

నీ ఉత్తరం అందింది. చదివి నాకు పెద్ద ఆశ్చర్యమేమీ కాలేదు. కొర్రమట్ట గుణమే అంత. కొత్త వాన పడి నేల తడిస్తే అది ఉన్న చోట ఉండదు. ఈ గుంట కంటే అవతల ఏదో మంచి నీళ్లున్నాయనుకుని గట్టెక్కి పోతుంది. కానీ మీ చుట్టుపక్కల అంతా గరుకు నేల. బయటపడితే అది ఏ కాల్వకూ చేరదు. ఎండ రాగానే చచ్చిపోతుంది, లేకపోతే కాకుల పాలవుతుంది. దాన్ని బయటికి పోనివ్వొద్దు. గట్టు చుట్టూ నడుము ఎత్తు వల కట్టండి. అడుగు భాగం మట్టిలో పాతండి, లేకపోతే కింది నుంచి దూరుతుంది. కొన్ని రోజులు వలకు కొట్టుకుంటుంది. తర్వాత అదే అలవాటు పడి లోపలే ఉంటుంది.

ఇక్కడ ఫిబ్రవరికి ఇప్పటి నుంచే ఏర్పాట్లు మొదలయ్యాయి. ఈసారి బస్సు మాట్లాడుతున్నారు. అమ్మ నీ మాటపట్టుకు కట్టుకుపోవడానికి గద్వాల చీర తీసి పెట్టె అడుగున దాచింది. రోజూ తీసి చూసి మళ్లీ మడత పెడుతుంది. నువ్వు సంతోషంగా ఉండటమే మాకు కావలసింది.

అన్న
మహేందర్


మఠం
27 అక్టోబరు 2024

మహేందర్ అన్నకు,

నీ జవాబు అందింది. బాగా అర్థమైంది. వల కట్టేశాము. అడుగు భాగం మట్టిలో పాతాను. ఇక ఏదీ బయటికి పోదు.

ఫిబ్రవరి 2న మాటపట్టు. అందరూ రండి. ఇక మీదట ఉత్తరాలు తక్కువ రాస్తాను, చదువు ఎక్కువగా ఉంది. చేపల గురించి కూడా అడగవలసినది ఏమీ లేదు.

సిస్టర్ ప్రేమలత


మానవపాడు మండలం
2 డిసెంబరు 2024

చెల్లె ప్రేమా,

మదర్ గారూ, ఈ ఉత్తరం మీరు ముందు చదువుతారని తెలుసు. మీకు నమస్కారం. చదవండి. కానీ చదివాక ఆపకుండా నా చెల్లెకు ఇవ్వండి.

ప్రేమా, అక్టోబరులో నువ్వు రాసిన ఆ నాలుగు ముక్కలు చూసి నేను ఏం తప్పు చేశానో తెలియక నెలంతా పరేషాన్ అయ్యాను. మూతి ముడుచుకున్నావేమో, చదువు భారమేమో అనుకున్నాను. నిన్న తెలిసింది. నువ్వు సెప్టెంబరులో మహిపాల్ చేతికి ఇచ్చిన ఉత్తరం మొన్న శనివారం మన ఊరు చేరింది. కవరు నిండా తడిసి ఆరిన మరకలు, చేపల వాసన. ఆయన దాన్ని ఆటోలో సంచుల కింద మరిచిపోయి ఇప్పుడు పోస్టు చేసినట్టున్నాడు. నేను కొర్రమట్టకు వల కట్టమని రాసింది కొర్రమట్ట గురించే. నువ్వు అడిగింది నాకు తెలియనే తెలియదు. దేవుని మీద ఒట్టు.

ఉత్తరం ఎప్పటిలాగే ప్రశాంత్ ఇంటికి పోయింది. నిన్న ఆదివారం పూజ అయ్యాక మైకు దగ్గర నిలబడి కవరు చింపాడు. మొదటి రెండు వాక్యాలు చదివి ఆగిపోయాడు. "జమ్ములమ్మా, గిది ఎవలకు సదివి ఇనిపియ్యొద్దని రాసింది" అన్నాడు. నేను లేచి కాగితం అడుగుదామని ముందుకు పోయాను. అమ్మ నన్ను చేత్తో ఆపింది.

"నా బిడ్డకు దాసుకునే ముచ్చట ఏముంటది? సదువు. అందరు ఇనని."

ప్రశాంత్ నా ముఖం చూశాడు, అమ్మ ముఖం చూశాడు, చదివాడు. మైకు ఆపాలని కూడా తోచలేదు అతనికి. నువ్వు ఉండలేకపోతున్నానన్న మాట బయట కొట్టు దగ్గర ఉన్నవాళ్లకు కూడా వినిపించింది. తుఫాన్ బండి మాట వచ్చినప్పుడు అందులో వచ్చిన వాళ్లు తలలు దించుకున్నారు. చివరిదాకా చదివించింది అమ్మ. ముందు వరసలో కూర్చోగలదా అన్న దగ్గర ప్రశాంత్ తల ఎత్తి చూశాడు. అమ్మ కదల్లేదు.

వెనక నుంచి ఎవరో, "గింత దూరం పోయి ఎనకకు వస్తదా, ఊరి ఇజ్జత్ పోదా?" అన్నారు. ఎవరన్నారో నాకు తెలుసు, రాయను. అప్పుడు రంగమ్మవ్వ లేచింది.

"ఏం ఇజ్జత్ రా? నా కొడుకు పుణెల మేస్త్రి కాడ ఉండలేక సచ్చిండు. ఫోన్ల ఎప్పుడడిగినా బాగున్ననే అన్నడు. నేను పరేషాన్ అయితనని దాసిండు. గిట్ల ఒక్క కాయితం రాసుంటే నడుసుకుంట పోయి తెచ్చుకుందు. గీ పిల్ల రాసింది. బతికుండి రాసింది. ఇంకేం గావాలె మీకు?"

అమ్మ లేచి ఇంటికి నడిచింది, నేను పట్టుకోబోతే విదిలించుకుంది. పొద్దంతా అన్నం ముట్టలేదు. సాయంత్రం మీ వదిన చాయ్ ఇస్తే తాగి, నన్ను పిలిచి, "ఏం తక్కువైందిరా ఆడ నా బిడ్డకు?" అంది. గోడకు ఆనుకుని కూర్చుంది. తర్వాత అంది:

"రాయి. రమ్మని రాయి. నేను చెప్పిన అని రాయి. వచ్చినంక కొన్ని దినాలు నేను మాట్లాడ. నాకు కోపమున్నది. తర్వాత మాట్లాడుత. గది గూడ రాయి."

ఆమె చెప్పినట్టే రాశాను. ఇక నా మాట. చోటుందా అని అడిగావు. అది నీ ఇల్లు కూడా. ఊళ్లో నాలుగు మాటలు పడాల్సి వస్తుంది, పడదాం. ఇప్పుడే కొందరు మా ముఖం చూసి మాట మారుస్తున్నారు. మీ వదిన లోపలి గదిలో బియ్యం బస్తాలు జరిపి మంచం వేసింది.

రా.

అన్న
మహేందర్


మఠం
15 డిసెంబరు 2024

అన్నా,

నీ ఉత్తరం మదర్ తనే తీసుకుని గుంట దగ్గరికి వచ్చారు. నేను మేత సంచి కడుతున్నాను. నా పక్కన గట్టు మీద కూర్చున్నారు. ఆమె కింద కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నేను చదివేదాకా ఆగారు. తర్వాత, "జూన్ నుంచి నీ ఉత్తరాలన్నీ చదువుతున్నాను. ఒక్కదాంట్లో కూడా నువ్వు కనిపించలేదమ్మా నాకు. నేను చేపల్నే చూశాను" అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు. దొంగచాటు ఉత్తరానికి కోప్పడతారనుకున్నాను. ఆ సంగతే ఎత్తలేదు. పైవాళ్లకు రాయాలని, అనుమతి కాగితం రావడానికి కొన్ని రోజులు పడుతుందని మాత్రం చెప్పారు. నిన్న వచ్చింది.

నేను రాసింది మైకులో వినిపించిందని తెలిసి ఆ రోజంతా తల ఎత్తలేకపోయాను. ప్రార్థనలో అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది, నిజానికి ఇక్కడ ఎవరికీ తెలియదు. రాత్రి మౌనం గంట కొట్టినప్పుడు ఛాతీ బరువు కోసం ఎదురుచూశాను. రాలేదు. మర్నాడు వచ్చింది. ఊరికి వచ్చాక కూడా వస్తుందేమో, నాకు తెలియదు. అమ్మ మాట్లాడని రోజుల గురించి తలుచుకుంటే ఇప్పటి నుంచే భయమేస్తోంది. అయినా ముందే చెప్పి కోప్పడే మనిషి అమ్మ ఒక్కతే ఉంటుంది ఈ లోకంలో.

గుంటలో నీళ్లు మోకాలి లోతుకు వచ్చాయి కాబట్టి మొన్న చేపలు పట్టించారు. మహిపాల్ వల తెచ్చాడు. నన్ను చూసి నాలుక కరుచుకుని, "అక్కా, ఆ కవరు…" అంటే, "పోనీలే" అన్నాను. నువ్వు చెప్పిందే నిజమైంది. వేసినప్పటి రవ్వల్లో చాలావరకు కొర్రమట్టల కడుపులోకి పోయాయి. మిగిలినవి మాత్రం పావుకిలో దాటి వెండిలాగా మెరిశాయి. అవి వల లాగగానే దొరికిపోయాయి. కొర్రమట్టలు ఒక్కటీ దొరకలేదు, అన్నీ బురదలో దూరాయి. ఇక సింధూజ, నేను బట్టలు ఎగ్గట్టి దిగాం. చేతులతో తడిమి పట్టాలి కదా. ఒకటి నా చేతుల్లోంచి జారి సింధూజ మోకాళ్ల మధ్య నుంచి పోయింది. ఇద్దరం బురదలో కూలబడి నవ్వాం. గట్టు మీద మదర్ కూడా నవ్వారు. అంత గట్టిగా నేను నవ్వి ఎన్నాళ్లైందో.

వంటలో మళ్లీ గొడవ. కొర్రమట్ట ముసలి సిస్టర్లకు, పిల్లలకు వండారు. రవ్వ తక్కువ ఉంది కాబట్టి తలకాయలన్నీ కలిపి ఒకే పులుసు పెట్టారు. హాస్టలు పిల్లలు ముల్లు సంగతి మరిచి తలకాయల కోసం కొట్టుకున్నారు. మదర్ ఒక ముక్క నోట్లో వేసుకుని, "రవ్వే బాగుంది" అని సింధూజ వైపు చూశారు. సింధూజ నన్ను గిల్లింది. నాకు రెండూ రుచిగానే ఉన్నాయి, నిజం చెప్పాలంటే. కొర్రమట్ట మెత్తగా నోట్లో కరిగిపోయింది. రవ్వ తింటూ ముల్లు ఏరుకుంటుంటే మన ఇంట్లో నువ్వు, నేను ఒక్క పళ్లెంలో తిన్నది గుర్తొచ్చింది.

శనివారం వనపర్తి రోడ్డు స్టేషన్‌లో ప్యాసింజరు ఎక్కి మానవపాడులో దిగుతాను. ఎవరినీ వెంట తీసుకురాకు. ఈసారైనా ఒక్కడివే రా. నాతో వచ్చే సామాను ఒక సంచి, అంతే.

ఒక్క ఇబ్బంది ఉంది. ఈ బట్టలు ఇక్కడే ఇచ్చి రావాలి. నేను వచ్చేటప్పుడు తెచ్చుకున్న చుడీదార్లు ఎప్పుడో పేదలకు ఇచ్చేశారు. వదిన చీర ఒకటి, లంగా, రవిక మహిపాల్ చేతికిచ్చి పంపించు. ఆయన గురువారం మీ దిక్కే వస్తున్నాడు, ఈసారి మరిచిపోనని ఒట్టు వేశాడు. వదిన రవిక నాకు వదులవుతుంది, పిన్నులు పెట్టుకుంటాను. రంగు ఏదైనా ఫర్వాలేదు. తెలుపు మాత్రం వద్దు.

ప్రేమ